తిరుగు ఆటో

మొదటి ఆదివారం నువ్వడిగింది
ఇడ్లీయా, ఉప్మాయా అని.
సోంపేట బస్టాండులో, కండక్టర్ల అరుపుల మధ్య.
ఇడ్లీ అన్నాను. అబద్ధం.
నాకు చద్దన్నంలో పచ్చి ఉల్లిపాయ కొరుక్కోవడం ఇష్టం.
అది చెప్పడానికి మూడు వారాలు పట్టింది.

ఒప్పందం నాదే.
ఒక వారం నీ ప్రశ్న, ఒక వారం నాది.
నిజం చెప్పాలి,
లేదంటే బారువ నుంచి తిరుగు ఆటోకి
ఇద్దరి కిరాయీ ఇచ్చుకోవాలి.
మొదటి రెండు నెలలూ
నువ్వే ఇచ్చుకున్నావు.

కూర్మారావు.
బడిలో తాబేలని పిలిచేవారట.
ఏదైనా అడిగితే
నీ మెడ నిజంగానే కాలరులోకి పోయేది.
"ఏటుంటాది సెప్పడానికి?" అనేవాడివి, ఇసకతో.
కూర్మి అంటే ప్రేమని
నిఘంటువులో చూసుకుని నేనెవరికీ చెప్పలేదు.

పలాసలో రోజంతా నా పని జీడిపప్పు లెక్కలు.
గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు.
తొందరపడి పగలగొడితే
జీడి చేతులు కాలుస్తుందని దాలమ్మ అంటుంది.
ముప్పై ఏళ్లుగా ఆమె వేళ్లు నల్లగానే ఉన్నాయి.

అందుకని మెల్లగా అడిగాను.
చివరిసారి ఎప్పుడు ఏడ్చావు?
కిరాయి.
ఎవరికైనా ఉత్తరం రాసి చింపేశావా?
కిరాయి.
తుఫాను రాత్రి ఎక్కడున్నావు?

మంచం కింద, అన్నావు.
ఇరవై మూడేళ్లవాణ్ని, మంచం కింద,
మేకపిల్లని పట్టుకుని.
బయట కొబ్బరిచెట్లు పడుతుంటే లెక్కపెట్టావట,
నలభై ఒకటి దాకా.
ఆ తర్వాత మేకపిల్ల గుండె లెక్కపెట్టావట.
నేను నవ్వుతానేమోనని
నా ముఖంలోకి చూశావు చూడు,
నీ కళ్లు నలుపు కాదని అప్పుడే తెలిసింది.

నువ్వూ ఊరుకోలేదు.
ఇంకా కోపం ఎవరిమీద అని అడిగావు.
అక్క మీద, అన్నాను.
ఎందుకు అనలేదు నువ్వు.
వేరుశనక్కాయ వలిచి చేతిలో పెట్టావు.
ఎందుకో నేనే చెప్పాను, చీకటిపడేదాకా.

మాఘంలో ఒక ఆదివారం, వంతు నాది.
తాబేలు గుడ్లు పాతిన చోట వల కట్టి ఉంది.
సరుగుడు తోపులో గాలి.
మన ఉద్దానంలో
కులం అడగొచ్చు, జీతం అడగొచ్చు,
పాత ప్రేమ గురించి కూడా అడగొచ్చు.
ఆ ఒక్క అంకె అడగడానికి నోరు రాదు.
మీ నాన్న. తర్వాత మీ పెదనాన్న.
ఆసుపత్రిలో ఇద్దరిదీ ఒకే బల్ల అని నువ్వే చెప్పావు.
ఊరంతటికీ ఇరవై లీటర్ల డబ్బాలు మోసేవాడివి,
చిన్నప్పుడు ఏ నుయ్యి నీళ్లు తాగావు? అన్నాను.
అలా, చుట్టు తిప్పి.

నీకు అర్థమైంది.
చిల్లర తీశావు. లెక్కపెట్టావు.
మళ్లీ జేబులో వేసుకున్నావు.
పర్సులోంచి నాలుగు మడతల కాగితం,
మడతల దగ్గర చిరిగి, చెమటకి మెత్తబడి.
"ఒకటీ పాయింటు ఎనిమిది.
అమ్మకి తెల్దు."

ఇలాంటప్పుడు చేయి పట్టుకోవాలేమో.
నేను తేదీ చూశాను.
శ్రావణం నాటిది.
ఇడ్లీయా ఉప్మాయా అన్న రోజు కూడా
ఇది నీ జేబులోనే ఉంది.
కోపం వచ్చింది. చెప్పాను.
తర్వాత సిగ్గులేకుండా ఆకలేసింది.
పకోడీ తిన్నాం. ఒకే పొట్లం.
ఉప్పు తక్కువున్నవి నీవైపు తోస్తున్నానని
నువ్వు గమనించి నవ్వావు.

రోడ్డెక్కాక, నీ వంతు కాదు, అయినా అడిగావు.
మెడ కాలరులోకి పోలేదు ఈసారి.
"మరి నీదెంత?"

నేనింకా చేయించుకోలేదు.
మూడేళ్లుగా ఆ గుమ్మం ముందునుంచే
పనికి పోతున్నాను,
రోడ్డుకి అవతలి పక్కన.

ఆటో వచ్చింది.
డ్రైవరు చేతిలో
ఇద్దరి కిరాయీ నేను పెట్టాను.